ఆ వణుకు పెద్దమ్మది కాదు

యాభై ఆరేళ్ల ఆడమనిషి చెయ్యి వణికిందంటే అందరికీ తోచే కారణం ఒక్కటే: వయసు. ఇంకో కారణం ఉందేమోనని డాక్టరు అడగడు, మేనేజరు అడగడు, పక్కింటావిడ సంగతి సరేసరి. ముఖాన ఇంత జాలి పులుముకుని, "ఇంక చాలమ్మా, కాస్త విశ్రాంతి తీసుకోండి" అనేస్తారు. మా పెద్దమ్మ విషయంలో అచ్చంగా అదే జరిగింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెద్దమ్మ విమానం నడపడం నేర్పుతుంది. పెద్ద విమానాలు కావు. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మోచేతులు రాసుకునే బుల్లివి, ముందు ఒకే ఒక్క ప్రొపెల్లరు ఉండేవి. ఆవిడ పనిచేసే స్కూల్లో అలాంటివి రెండున్నాయి. తెల్లది కొత్తది, దాన్ని ఒక కుర్ర ఇన్‌స్ట్రక్టరు చూసుకుంటాడు. పసుపుపచ్చది పాతది, అది పెద్దమ్మ చేతి కింద ఉంటుంది. ఇవాళ పెద్ద పెద్ద విమానాల్లో టై కట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామంది ఒకప్పుడు ఆ పసుపుపచ్చ దాంట్లో ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్లే.

ఆవిడకి వంకర అంటే గిట్టదు. "ఆ ముక్కేంటి బాబూ, దొంగచూపులు చూస్తున్నట్టు పక్కకి తిరిగింది? నిటారుగా పెట్టు!" అని గాల్లో అరిచే మనిషి, కిందికి దిగాక కూడా అంతే. గోడ మీద ఫొటో ఓ పిసరు ఒరిగితే దాన్ని సర్దందే కుర్చీలో కూర్చోదు. మా ఇంటికొస్తే గుమ్మంలో చెప్పులన్నీ జతలుగా పేర్చి, "ఇది ఇల్లా, చెప్పుల దుకాణమా?" అని మా అమ్మకి ఒకటి అంటించి, అప్పుడు లోపలికొస్తుంది.

వణుకుని మొదట పసిగట్టింది పెదనాన్న. ఆయన టైలరు. ఓ సాయంత్రం పెద్దమ్మ స్కూటరు దిగి ఇంటి తాళం తీస్తోంది. తాళంచెవి కన్నంలోకి పోదు. పైన తగులుతుంది, పక్కన తగులుతుంది, మళ్లీ పైన తగులుతుంది. ఆయన వెనకే సంచితో నిలబడి కాసేపు చూశాడు.

"ఏమే, తాళంకప్పతో సరసాలాడుతున్నావా?"

"వేళ్లు తిమ్మిరెక్కాయండీ. పొద్దున్నుంచి ఆ బండి ఒకటే దడదడ."

ఆయన తాళంచెవి అందుకుని తాళం తీశాడు. మర్నాడు పెద్దమ్మ యూనిఫాం చొక్కాలన్నిటికీ మణికట్టు దగ్గర బొత్తాలు తీసేసి టిచ్ బటన్లు కుట్టాడు. అవైతే నొక్కితే చాలు, వేళ్లకి పని తక్కువ. అది చూసి ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"నేనేమైనా పసిపిల్లనా? బొత్తాలు కూడా పెట్టుకోలేననుకున్నారా?"

"కాదే, కాస్త సులువుగా ఉంటుందనీ..."

"విప్పండి. వణికేది నేను కాదు, విమానం. బాగుచేయాల్సింది దాన్ని, నా చొక్కాని కాదు."

ఆయన విప్పి మళ్లీ పాత బొత్తాలే కుట్టాడు. ఆవిడ రోజూ వాటితో కుస్తీ పట్టేది. ఆయన చూడనట్టు నటించేవాడు.

అంతలో పైలట్లకి ఏటా జరిగే వైద్య పరీక్ష వచ్చింది. పెద్దమ్మ పొద్దున పాఠాలన్నీ ముగించుకుని, షెడ్డు నుంచి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన చేతులు ముందుకి చాపమని, వేళ్ల మీద ఓ తెల్లకాగితం పరిచాడు. చెయ్యి ఏ కాస్త వణికినా కాగితం దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. పెద్దమ్మ వేళ్ల మీద ఆ కాగితం రెపరెపలాడిపోయింది.

"నరాలు బలహీనపడ్డట్టున్నాయమ్మా. మీ వయసులో మామూలే."

"వయసు కాదండీ. పొద్దున్నుంచి దడదడలాడే విమానంలో ఉండి ఇటే వస్తున్నాను. ప్రొపెల్లరు బ్యాలెన్సు పోయింది, అందుకే..."

"విమానాలన్నీ దడదడలాడతాయమ్మా" అన్నాడాయన. తను ఎన్ని విమానాలు నడిపాడో మాత్రం చెప్పలేదు. "నెల తర్వాత మళ్లీ రండి. అప్పుడూ ఇలాగే ఉంటే నేను సంతకం పెట్టలేను."

ఆ సంతకం పడకపోతే పెద్దమ్మ ఇంక విమానం నడపడానికి లేదు. పాత సర్టిఫికెట్టు గడువు కూడా ఆ నెలతోనే అయిపోతుంది.

పెదనాన్న ఒక ఉపాయం చెప్పాడు. "పరీక్షకి ముందు వారం రోజులు సెలవు పెట్టెయ్. వేళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. ఆయన సంతకం పెడతాడు, గొడవ వదిలిపోతుంది."

"ఎలా వదిలిపోతుందండీ? మర్నాటి నుంచి మళ్లీ అదే దడదడ. ఏడాదికోసారి డాక్టరు కళ్లుగప్పి బతకాలా నేను? నా సంగతి సరే, ఆ ఊపుకి రేపో మాపో ఇంజను గొట్టం ఏదో పగులుతుంది. అప్పుడు పక్కన కూర్చున్న పిల్లకి ఏం చెప్పను? డాక్టరు సంతకం పెట్టాడమ్మా, భయపడకు అని చెప్పనా?"

మర్నాడు శనివారం. కాలేజీ లేదు కాబట్టి నేనూ ఆవిడ స్కూటరు వెనక ఎక్కాను. నేను మెకానికల్ చదువుతున్నాను, ఆ షెడ్డులోకి అడుగుపెట్టడానికి నాకు ఏ వంకైనా చాలు. పెద్దమ్మ తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది, నేనూ వెనకే. ఈ మేనేజరు కూడా ఒకప్పుడు ఆవిడ శిష్యుడే. మొదటిసారి ఒంటరిగా విమానం దింపిన రోజు ఆవిడ భుజం మీద తలపెట్టి ఏడ్చాడట. ఇప్పుడు ఏసీ గదిలో కూర్చుని, విమానం ఎక్కడం మానేసి చాలా ఏళ్లయింది.

"ఒక్కరోజు విమానం ఆపి బ్యాలెన్సు చేసే మనిషిని పిలిపించు నాయనా" అంది పెద్దమ్మ.

"కొత్త అడ్మిషన్ల టైం మేడం. ఇప్పుడెలా ఆపుతాం? అయినా ప్రొపెల్లరుని ఫ్యాక్టరీలోనే బ్యాలెన్సు చేసి ఇస్తారు కదా."

"విడిగా చేసిస్తారు. ఇంజనుకి బిగించాక మళ్లీ చూసుకోవద్దూ? కారుకి కొత్త టైరు వేస్తే వీల్ బ్యాలెన్సింగ్ చేయించవా నువ్వు?"

"అది కారు మేడం."

ఈ జవాబు విన్నప్పుడు నాకు నిజంగా కళ్లు తిరిగాయి. నేల మీద పోయే కారుకి కూడని దడ గాల్లో పోయేదానికి పర్లేదన్నమాట!

"ఆ విమానాన్ని నేనేం గాలికొదిలెయ్యలేదు మేడం" అన్నాడతను నొచ్చుకున్నట్టు. "పోయినేడే కదా, ప్రచారం ఫొటోల కోసం ముక్కు టోపీకి ఎర్రరంగు కూడా వేయించాను." ముక్కు టోపీ అంటే ప్రొపెల్లరు మధ్యలో ముందుకి పొడుచుకొచ్చినట్టు ఉండే గుండ్రటి తొడుగు. "మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. డాక్టరుగారు నాక్కూడా ఫోన్ చేశారు. మీకు వయసవుతోంది. ఈ నెల ఎలాగో లాగించేస్తే, తర్వాత హాయిగా క్లాసులో బోర్డు ముందు పాఠాలు చెప్పుకోవచ్చు."

పెద్దమ్మకి కోపం వస్తే ఎదుటివాడికి 'గారు' తగిలిస్తుంది.

"మేనేజరు గారూ, నా చేతులు పనికిరానివైతే ఈ నెలంతా పిల్లల్ని నా పక్కన ఎందుకు ఎక్కిస్తున్నారండీ? పనికొచ్చేవైతే నన్ను బోర్డు ముందుకి ఎందుకు తోస్తున్నారు?"

అతను టేబుల్ మీది కాగితాలు సర్దడం మొదలెట్టాడు.

"ఒక్క గంట. నా పక్కన కూర్చోండి. దిగాక మీరేం చెప్తే అది వింటాను."

"నాకు మీటింగుంది మేడం."

"భయమా?"

గుమ్మం బయట మెకానిక్కు తచ్చాడుతున్నాడు. ఈ మాట అతను విన్నాడని మేనేజరుకి తెలిసిపోయింది. ఇంక లేవక తప్పలేదు.

ఆ మెకానిక్కుని షెడ్డులో అందరూ 'సరే' అంటారు. పెద్దమ్మ ఏం చెప్పినా అతని నోట వచ్చేది "సరే మేడం" ఒక్కటే. వచ్చిన కొత్తలో ఒకసారి ఏదో ఎదురు చెప్పబోయి ఆవిడ చేత నాలుగు తిట్లు తిన్నాడట, అప్పట్నుంచీ ఆ ఒక్క మాటకే స్థిరపడ్డాడు.

పసుపుపచ్చ విమానం లేచింది. నేనూ, సరే కూడా షెడ్డు బయట నిలబడి చూశాం. అది పొలాల మీదుగా తిరిగి తిరిగి, మళ్లీ నేల మీద వాలి, మా ముందుకొచ్చి ఆగింది. మేనేజరు దిగాడు. ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. జేబులోంచి ఫోన్ తీసి అన్‌లాక్ చేయబోయాడు. గీత తప్పింది. మళ్లీ గీశాడు, మళ్లీ తప్పింది. ఫోన్ జేబులో పడేసి చేతులు కూడా జేబుల్లోనే దాచుకున్నాడు.

"చేతులు బయటికి తీయండి మేనేజరు గారూ."

"ఎందుకు మేడం?"

"తీయండి. ముందుకి చాపండి." ఆవిడ నా వైపు తిరిగింది. "ఒక తెల్లకాగితం పట్రావే."

తెచ్చిచ్చాను. ఆవిడ దాన్ని జాగ్రత్తగా, అంచులు సరిచేసి మరీ, అతని వేళ్ల మీద పరిచింది. కాగితం గాలికి ఎగురుతోందా అన్నట్టు కొట్టుకుంది. గాలి లేదు.

"మీ వయసెంతండీ?"

"ముప్పై నాలుగు" అన్నాడతను నేల చూస్తూ.

"అయ్యో, అప్పుడే? నరాలు బలహీనపడ్డట్టున్నాయి. బోర్డు ముందు పాఠాలు చెప్పుకోండి, హాయిగా ఉంటుంది."

సరే వెనక్కి తిరిగి రెంచీలు వెతుక్కోవడం మొదలెట్టాడు. అతని భుజాలు కదులుతున్నాయి, నవ్వుకి. మధ్యాహ్నంలోగా మేనేజరు బ్యాలెన్సు చేసే మనిషికి ఫోన్ చేశాడు. నెలల తరబడి చెప్పినా చెవినెక్కని మాట, తన వేళ్లకి తిమ్మిరెక్కాక ఒక్క గంటలో తలకెక్కింది. ఆవిడ నోటి మాటకి విలువ లేదన్నమాట, ఈయన వేళ్లకి ఉందన్నమాట!

తర్వాతి శనివారం ఆ మనిషి ఓ పెద్ద పెట్టెతో దిగాడు. మహా మాటకారి. విమానాన్ని బయటికి నెట్టించి, ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా నిలబెట్టించి, చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టించాడు. అగ్గిపెట్టెంత పరికరం ఒకటి ఇంజను ముందు భాగానికి బిగించాడు. ప్రొపెల్లరు రెక్క వెనక మెరిసే టేపు ముక్క అంటించి, దాని మీదికి చిన్న లైటు గురిపెట్టాడు. రెక్క తిరిగినప్పుడల్లా ఆ టేపు ఒకసారి తళుక్కుమంటుంది. దాన్ని బట్టి ఊపు ఎంతుందో, ఏ వైపు బరువు ఎక్కువైందో పెట్టె లెక్కగడుతుంది. నేను అడిగిన ప్రతిదానికీ అతను రెండింతల జవాబు చెప్పాడు.

"అమ్మా, మీరు లోపల కూర్చుని ఇంజను వేయండి. మిగతా వాళ్లు దూరం జరగండి. తిరిగే ప్రొపెల్లరు కంటికి కనబడదు. కనబడని దానికి ఆమడ దూరంలో ఉండాలి, మా ఆవిడ కోపం లాగా."

ఇంజను మొదలైంది. పెట్టె మీద అంకె వచ్చింది. అతను కళ్లు చికిలించి చూసి, ఇంజను ఆపమని చెయ్యి ఊపాడు.

"ఇది విమానమా, పిండిమరా? ఇందులో రోజూ కూర్చుంటున్నారా అమ్మా మీరు? మీ చేతులు ఇంకా మణికట్టుకే ఉన్నాయంటే గొప్పే!"

పెద్దమ్మ మేనేజరు వైపు చూసింది. ఆ చూపు చాలు. నేను మాత్రం ఆగలేక "విన్నారా సార్?" అన్నాను.

బరువులు పెట్టడానికి పెట్టె మనిషి ఎర్ర ముక్కు టోపీ విప్పాడు. విప్పి, లోపలి గుండ్రటి పళ్లెం చూసి, అలాగే ఉండిపోయాడు. పళ్లెం అంచు చుట్టూ చిన్న బోల్టులున్నాయి. ఒక్కో బోల్టుకి ఒక్కో వాషరు, చుట్టూ సమానంగా, పరేడ్‌లో నిలబెట్టినట్టు ఉన్నాయి.

"ఇవెవరు పెట్టారయ్యా?"

ఒక వాషరుని వేలితో తిప్పి చూశాడు.

"ఇవి బ్యాలెన్సుకి పెట్టే వాషర్లు. ముందెవరో దీన్ని శుభ్రంగా బ్యాలెన్సు చేశారు. తేలికగా ఉన్న వైపు అన్నీ ఒక్కచోటే పెట్టి ఉంటారు, ఎదుటి వైపు బరువుకి సరిపోయేలా. తర్వాత ఎవరో మహానుభావులు వాటిని విప్పి చుట్టూ తలా ఒకటి పంచిపెట్టారు. నాలుగు వైపులా సమానంగా పెడితే ఇంక పెట్టనట్టే కదా! పాత ఊపు పాత ఊపే. ఎవరిదండీ ఈ తెలివి?"

"చెప్పవయ్యా, ఎవరు చేశారు?" అని మేనేజరు గద్దించాడు.

"నేనే సార్" అన్నాడు సరే.

"ఎందుకు చేశావు?"

పెద్దమ్మ విమానంలోంచి దిగి, నెమ్మదిగా పళ్లెం దగ్గరికొచ్చింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు.

"అతన్నెందుకు అడుగుతారు? నేను చేయమన్నాను" అంది. "టోపీకి రంగు వేయించడానికి విప్పిన రోజు నేనూ ఇక్కడే ఉన్నాను. చూస్తే ఒక బోల్టుకి గుత్తిగా ఇన్ని, మిగతావన్నీ బోసిగా ఉన్నాయి. ఇదేం పనయ్యా అన్నాను. ఉండనివ్వండి మేడం, ఎవరో ఏదో లెక్క మీదే పెట్టి ఉంటారన్నాడితను. లెక్కా లేదు గిక్కా లేదు, ఒళ్లుబద్ధకం, అన్నిటికీ సమానంగా సర్దు అన్నాను."

"నేను సరే అన్నాను" అన్నాడు సరే.

మేనేజరు నవ్వాడు. వారం నుంచి బిగబట్టుకున్న నవ్వు.

"అయితే మేడం, విమానాన్ని వణికించింది మీరేనన్నమాట! నన్ను గంటసేపు అనవసరంగా కుదిపేశారు కదండీ!"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ మీదా కోపమొచ్చింది, అబద్ధమెందుకు. మెకానిక్కు వద్దంటున్నా నోరు మూయించి పని చేయించడమేమిటి? కానీ ఆ నవ్వు చూస్తే అంతకంటే మండిపోయింది. చెడింది విమానమని తేలాక కూడా అతను చూస్తున్నది ఆవిడ వైపే.

పెద్దమ్మ అతన్ని నవ్వనిచ్చింది.

"నవ్వండి. నవ్వుకోవాల్సిన పనే చేశాను. మెకానిక్కు పనిలో నేను వేలు పెట్టకూడదు, పెట్టాను. దానికి మీరు ఎంత మాటన్నా పడతాను. కానీ ఇన్నాళ్లూ విమానం వణుకుతోందని నేను మొత్తుకుంటే మీరేమన్నారు? నా చెయ్యి వణుకుతోందన్నారు. తప్పు నాదే. వణుకు మాత్రం నాది కాదు. ఆ వయసు మాట వెనక్కి తీసుకోండి."

"నేను మీ మంచి కోరే అన్నాను మేడం..."

"నా మంచి నేను కోరుకుంటాను. మీరు ఆ మాట వెనక్కి తీసుకోండి."

అతను పెట్టె మనిషి వైపు చూశాడు. ఆయన గొప్ప శ్రద్ధగా ఓ వాషరుని తుడుస్తున్నాడు.

"సరే మేడం" అన్నాడు మేనేజరు చివరికి.

తనను పిలిచారేమోనని అసలు సరే తలెత్తి చూశాడు. దాంతో అందరం నవ్వేశాం, పెద్దమ్మ తప్ప. ఆవిడ సరే ముందుకెళ్లి నిలబడింది.

"నువ్వు చెప్పింది నిజమయ్యా. నేను వినలేదు. ఇంకోసారి నేను తప్పు చెప్తే కాదు అను. అరిస్తే అరుస్తాను, నువ్వు మాత్రం కాదను. తెలిసిందా?"

"సరే మేడం" అన్నాడతను.

ఆవిడ తల పట్టుకుంది.

పెట్టె మనిషి వాషర్లన్నీ విప్పి, పెట్టె చెప్పిన వైపు కొన్ని బిగించి, మళ్లీ ఇంజను వేయించాడు. అంకె సగానికి పైగా పడిపోయింది. ఒక వాషరుని పక్క బోల్టుకి జరిపాడు. మళ్లీ వేయించాడు. ఈసారి అంకె చూసి పెదవులు గుండ్రంగా చుట్టి ఈల వేశాడు. నన్ను పెద్దమ్మ పక్క సీట్లో కూర్చోనిచ్చారు. అంతకుముందు అద్దం మీద దిక్సూచిలో అంకెలు మసకమసకగా, రెండేసి కనబడేవట. ఇప్పుడు ఒక్కో అంకె అచ్చు వేసినట్టుంది. సీటు కిందనుంచి సన్నటి గునగున తప్ప ఇంకేం లేదు. పెద్దమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

నెల తిరిగింది. పరీక్ష రోజున పెదనాన్న ఆఖరి ప్రయత్నం చేశాడు. "ఇవాళ ఒక్క పూట ఎక్కకు. ఎందుకొచ్చిన పంతం?"

"ఇవాళే ఎక్కాలి" అంది పెద్దమ్మ.

పొద్దున్న పాఠాలన్నీ ముగించుకుని, హెడ్‌ఫోన్ల గుర్తు జుట్టు మీద అలాగే ఉండగా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లాను. ఆవిడ చేతులు చాపింది. ఆయన కాగితం పరిచాడు. కాగితం టేబుల్ మీద పడుకున్నట్టు పడుకుంది. ఆయన ముందుకి వంగి చూశాడు, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశాడు.

"చూశారా అమ్మా? విశ్రాంతి తీసుకున్నారు, తగ్గింది."

"విశ్రాంతా? ఇప్పుడే విమానం దిగి వస్తున్నానండీ! ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. మందు వేయించింది నాకు కాదు, ప్రొపెల్లరుకి."

"మంచిదమ్మా. అలాగే రోజూ కాస్త నడవండి" అంటూ ఆయన తలెత్తకుండానే సంతకం పెట్టాడు. విన్నాడా? వినలేదు. వినడు. నేను ఏదో అనబోతే పెద్దమ్మ నా చెయ్యి నొక్కింది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందో నాకు తెలుసు, వేలి గుర్తులు పడ్డాయి.

అక్కణ్ణుంచి మళ్లీ షెడ్డుకే. సాయంత్రం పాఠానికి ఓ కొత్త అమ్మాయి ఎదురుచూస్తోంది. పెద్దమ్మ విమానం చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, ప్రొపెల్లరు ముందు ఆగింది. ఎర్ర ముక్కు టోపీ అంచున చిన్న గ్రీజు మరక కనబడింది. ఆవిడ కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఏమయ్యా, ఈ టోపీ ఒకసారి విప్పి లోపల కూడా శుభ్రంగా తుడిచెయ్. ఆ వాషర్లన్నీ ఒకే వైపు పడి ఉంటే అదోలా..."

సరే రెంచీ కింద పెట్టాడు. విమానానికీ ఆవిడకీ మధ్యకొచ్చి నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"కాదు మేడం" అన్నాడు.

పెద్దమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ఆవిడ నోరు తెరిచింది, మూసింది, చేతిగుడ్డతో పైపైన ఆ మరక తుడిచి, గుడ్డ అతని చేతిలో పెట్టింది.

"పక్కకి జరుగు" అంది. "ఇంజను వేస్తాను."